నాలుగు వేల తొంభై ఆరు

1, గురువారం

ఈ నోటుబుక్కు ఆఫీసుది. ముందు వైపు నుంచి మేనేజరు అడిగిన పదకోశం రాయాలి. వెనక వైపు నుంచి ఇది రాసుకుంటున్నాను. రెండూ మధ్యలో ఎక్కడో ఎదురుపడేలోపు ఏదో ఒకటి ఆపేస్తాను.

పదకోశం ఎందుకంటే, శిశు కేంద్రాల ఆఫీసుకు మా కంపెనీ ఒక ఆన్‌లైన్ పాఠం చేసి ఇచ్చింది. వాళ్ళు ఫోన్ చేసినప్పుడల్లా మేం వాడే మాటలు ఒక్క ముక్క అర్థం కావడం లేదని విసుక్కుంటున్నారట. ఇరవై మాటలకు మామూలు మనుషుల భాషలో అర్థాలు రాయమన్నాడు. "మీరు టెస్టింగులో ఉన్నారు కదా, మీకు అన్నీ తెలుసు" అన్నాడు. టెస్టింగులో ఉన్నవాళ్ళకు అన్నీ తెలియవు. ఏది నొక్కితే ఏది పాడవుతుందో తెలుస్తుంది, అంతే.

ఆ పాఠమే ఇప్పుడు మా ఇంట్లో కూడా నడుస్తోంది. వదిన పదకొండేళ్ళుగా ఒక శిశు కేంద్రంలో సహాయకురాలు. ఎనిమిది ప్రశ్నలకు జవాబులు రాసి ఈ నెల ముప్ఫైలోపు పాఠం పూర్తి చేసినవాళ్ళకే ఉద్యోగం ఉంటుందట. మిగతావాళ్ళ చోట్లో కొత్తవాళ్ళను తీసుకుంటారట. యాభై రెండేళ్ళ మనిషికి ఈ ఉద్యోగం పోతే ఇంకోటి ఎవరిస్తారు? పైగా పొద్దున లేచి వెళ్ళడానికి ఆమెకు మిగిలిన చోటు అదొక్కటే.

"మీ కంపెనీ పాఠమేగా అమ్మడూ, ఎలా రాయాలో చెప్పు" అంది. నాకు నలభై నిండినా ఆమెకు నేను అమ్మడినే. మా అమ్మ పోయాక నాకు జడలు వేసింది ఆమే. మన భాషలోనే రాయొచ్చనీ, పొదుపు చేయకుండా మనసులో ఉన్నదంతా రాయమనీ చెప్పాను. పేజీలకు పేజీలు రాసినా ఏమీ కాదన్నాను.

అన్నయ్య పోయి మూడు నెలలు కావస్తోంది. వదిన ఆయన మాట ఎత్తదు. నేనూ ఎత్తను. రెండు గదుల ఇంట్లో ఇద్దరం ఒకరికొకరు అడ్డం రాకుండా తిరుగుతున్నాం.

2, శుక్రవారం

ఎల్ఎంఎస్: పాఠాలు దాచే బీరువా, హాజరు పట్టీ, మార్కుల పుస్తకం మూడూ కలిపిన సాఫ్ట్‌వేరు. టీచరు మాత్రం ఉండదు.

టీచరు ఉండదన్న మాట కొట్టేయమన్నాడు మేనేజరు. కొట్టేశాను.

5, సోమవారం

వదిన టీ గ్లాసుతో వచ్చి నిలబడింది. "నిన్న రాసింది కనబడట్లేదు" అంది.

"సేవ్ నొక్కావా?"

"నొక్కాననే అనుకుంటున్నా."

"అనుకుంటే సరిపోదు వదినా, నొక్కాలి."

సరేనని మళ్ళీ రాయడానికి కూర్చుంది. నేను ఆఫీసుకు వచ్చేశాను. బస్సులో కూర్చోవడానికి సీటు దొరికింది. ఇవాళ జరిగిన మంచి ఇదొక్కటే.

6, మంగళవారం

మళ్ళీ పోయిందట. ఈసారి సేవ్ రెండుసార్లు నొక్కిందట.

8, గురువారం

మా ఆఫీసులో పాఠాలను ప్యాకేజీ కట్టే పెద్దాయన ఒకరున్నారు. అందరూ ఆయన్ని స్టాండర్డుగారు అంటారు. ఆయన ఎదుటే అంటారు, ఆయనా పలుకుతారు. ఏ సంగతి అడిగినా "స్టాండర్డులో ఏముందంటే" అని మొదలుపెడతారు. తన పెళ్ళిలో కూడా అలాగే అన్నారని ఆఫీసులో చెప్పుకుంటారు.

పదకోశం కోసం స్కార్మ్ అంటే ఏమిటో మామూలు మాటల్లో చెప్పమన్నాను.

"స్టాండర్డులో ఏముందంటే" అని మొదలుపెట్టి, నా మొహం చూసి ఆగారు. "సరే, ఇలా రాయండి. పాఠం ఒకళ్ళు చేస్తారు, దాన్ని నడిపే ఎల్ఎంఎస్ ఇంకొకళ్ళు చేస్తారు. ఇద్దరూ ఎప్పుడూ కలుసుకోరు. కానీ ఒకరు చెప్పింది ఇంకొకరికి అర్థం కావాలి కదా? ఎవరు ఏం చెప్పాలి, ఏ పేరుతో చెప్పాలి, ఎంత పొడుగు చెప్పాలి అని ముందే చేసుకున్న ఒప్పందం."

"ఎంత పొడుగు అని కూడానా?"

"అన్నిటికీ కొలత ఉంటుందండీ. కొలత లేకపోతే అది ఒప్పందమెలా అవుతుంది?"

రాసుకున్నాను. తర్వాత టిఫిను డబ్బా కడుక్కుని వచ్చి ఇంకో రెండు మాటలు పూర్తి చేశాను. సస్పెండ్ డేటా: చదివేవాళ్ళు మధ్యలో లేచి వెళ్తే, అప్పటిదాకా రాసినదంతా పెట్టుకునే పెట్టె. తిరిగి వచ్చినప్పుడు పాఠం ఆ పెట్టె తెరిచి అన్నీ యథాస్థానంలో సర్దుతుంది.

యథాస్థానంలో అన్న మాట బాగా కుదిరిందని మేనేజరు మెచ్చుకున్నాడు. నాకేమీ అనిపించలేదు.

11, ఆదివారం

వదిన రాస్తుంటే చూశాను. ఒక్క వేలితో కొడుతుంది. ప్రతి మాటకూ పెదవులు కదులుతాయి. ఒత్తు తప్పుపడితే మొత్తం మాట చెరిపి మళ్ళీ మొదలుపెడుతుంది. పొద్దున తొమ్మిదికి కూర్చున్నది ఒంటిగంటకు కూడా లేవలేదు. గుడ్లు ఉడకబెట్టి బ్రెడ్డుతో పెట్టాను. ఒక చేత్తో తింటూ రెండో చేత్తో రాసింది.

నాలుగో ప్రశ్న దగ్గర చాలాసేపు ఉంది. తల్లిదండ్రులు వదిలి వెళ్ళేటప్పుడు బిడ్డ ఏడిస్తే మీరేం చేస్తారు అన్నది ఆ ప్రశ్న. ఏం రాస్తోందో చూద్దామని వంగాను. అరచేయి అడ్డం పెట్టేసింది.

"ఇది నీకు కాదు, పరీక్షకి."

"పరీక్ష చేసిందీ మేమే కదా."

"అయినా సరే."

చిన్నప్పుడు ఉత్తరాలు రాసేటప్పుడూ ఇలాగే అడ్డం పెట్టేది. అప్పట్లో నేను కుర్చీ ఎక్కి చూసేదాన్ని. ఇవాళ అంత ఓపిక లేదు.

చివర్లో నన్ను పిలిచి, నా కళ్ళముందు సేవ్ నొక్కింది. నొక్కింది. నేను చూశాను.

12, సోమవారం

పోయింది.

మొదటి మూడు ప్రశ్నలూ ఉన్నాయి. వాటికి ఒక్కో ముక్కే జవాబు: కేంద్రం పేరు, ఎన్నేళ్ళ అనుభవం, ఏ వయసు పిల్లలు. నాలుగోది సగంలో తెగిపోయింది. అయిదు నుంచి ఎనిమిది వరకూ ఖాళీ. నాలుగోది చదవబోతే వదిన ల్యాప్‌టాప్ మూత వేసేసింది.

ల్యాప్‌టాప్ పాతదైపోయింది, అందుకే ఇలా అవుతోందని చెప్పాను. "అది మీ అన్నయ్యది" అంది.

సేవ్ కాకపోతే మొత్తం పోవాలి. సగం మాట దగ్గర తెగడం ఏమిటి? ల్యాప్‌టాప్ పాతదే. అదే అయ్యుంటుంది.

13, మంగళవారం

మాకు ఫిర్యాదుల ఫోన్లు తీసే ఆవిడ ఉంది. ఆవిడ గొంతు వింటే కోపంగా ఫోన్ చేసినవాళ్ళు కూడా సారీ చెప్పి పెట్టేస్తారు. ఆఫీసులో ఫోనమ్మ అంటాం. మధ్యాహ్నం ఆమె పక్కన కూర్చుని తింటూ, శిశు కేంద్రాల పాఠం గురించి ఎవరైనా ఫోన్ చేశారా అని అడిగాను.

"ఎవరైనానా? రోజూ మోగుతూనే ఉంది. రాసింది పోయిందంటారు, నేను సేవ్ నొక్కమంటాను. నొక్కామంటారు, మళ్ళీ నొక్కమంటాను. ఒకావిడ నిన్న ఏడ్చేసింది పాపం."

"ఎంతమంది?"

చీటీ చూసింది. "ఆరు వందల మందిలో మీ వదినతో కలిపి నూట నలభై ఒక్కరు. ఒక చిత్రం చూశావా? ఇంగ్లీషులో రాసినవాళ్ళెవరూ ఫోన్ చేయలేదు. మన భాషలో రాసినవాళ్ళే. అందులోనూ రెండు ముక్కలు రాసి ఊరుకున్నవాళ్ళకి ఏ గొడవా లేదు. ఇంత పొడుగున రాసుకున్నవాళ్ళే పడుతున్నారు."

డబ్బాలో ఇంకా సగం ఉంది. మూత పెట్టేశాను.

14, బుధవారం

లెక్క చూశాను. ఇక్కడ రాసుకుంటే చాలు, ఇంకెక్కడా చెప్పనక్కర్లేదు.

మేం వాడింది స్కార్మ్‌లో పాత వెర్షను. అందులో సస్పెండ్ డేటా పెట్టెలో నాలుగు వేల తొంభై ఆరు అక్షరాలు పడతాయి. ఎనిమిది జవాబులూ ఆ ఒక్క పెట్టెలోకే వెళ్తాయి. ఇంగ్లీషులో రాస్తే ఒక అక్షరానికి ఒక చోటు. మన అక్షరం పెట్టెలోకి వెళ్ళేముందు శాతం గుర్తులూ అంకెలూ కలిసిన ఒక కోడుగా మారుతుంది. ఒక్కోదానికి తొమ్మిది చోట్లు. గుణింతానికి మళ్ళీ తొమ్మిది. ఒత్తుకు ఇంకా. అన్నయ్య అని రాస్తే అరవై మూడు.

నాలుగు వేల తొంభై ఆరును తొమ్మిదితో భాగిస్తే నాలుగు వందల యాభై అయిదు. మన భాషలో రాసేవాళ్ళకు పెట్టె అంతే. ఎనిమిది ప్రశ్నలకూ కలిపి అరవై, డెబ్బై మాటలు. అది నిండాక వచ్చిందంతా చప్పుడు లేకుండా పారేస్తుంది. తప్పు జరిగిందని కూడా చెప్పదు.

ఇది పరీక్షించాల్సింది నేను. పరీక్షించాను. ఫారం తీసి చూశాను. పదహారో వరుస: పొడుగు జవాబులు, సరి. పక్కన నా సంతకం.

ఏం రాసి పరీక్షించానో కూడా రికార్డులో ఉంది. ఎనిమిది గళ్ళలోనూ "ok". మొత్తం పదహారు అక్షరాలు.

ఫారం మీద తేదీ మూడు నెలల కిందటి పదిహేడు. అన్నయ్య పోయింది ఎనిమిదిన. ఆఫీసుకు తిరిగి వచ్చిన మొదటి రోజు అదే. ఆ రోజు ఏం చేశానో ఏమీ గుర్తులేదు. ఎలా ఉన్నావని ఎవరూ అడగకుండా ఉంటే చాలనుకున్నట్టు మాత్రం గుర్తు.

నేను పరీక్షించాను. సంతకం కూడా ఉంది.

15, గురువారం

చెప్పలేదు.

16, శుక్రవారం

ఇవాళ పదకోశంలో నాలుగు మాటలు పూర్తి చేశాను. చెప్పలేదు. సోమవారం చెబుతాను. మేనేజరు మంచి మూడ్‌లో లేడు. ఒకసారి చెప్పాక దాన్ని వెనక్కి తీసుకోలేం కదా. పైగా కొలత పెట్టింది నేను కాదు, స్టాండర్డు. పాత వెర్షను అడిగింది కేంద్రాల ఆఫీసు. ప్యాకేజీ కట్టింది స్టాండర్డుగారు. సంతకం ఒక్కటే నాది.

18, ఆదివారం

ఒక ఉపాయం తట్టింది. వదినతో చిన్నగా రాయించేస్తే సరి. పెట్టెలో పట్టేంత. అప్పుడు ఆమె ఉద్యోగం ఆమెకు ఉంటుంది, నా సంతకం నాకు ఉంటుంది. మిగతా నూట నలభై మంది సంగతి వాళ్ళ వాళ్ళ ఇళ్ళలో చూసుకుంటారు.

ఇది రాసి చదువుకున్నాను. చదివినా ఏమీ అనిపించలేదు. అనిపించాల్సిందని తెలుసు.

"వదినా, రెండేసి ముక్కల్లో రాసెయ్. అంత పొడుగక్కర్లేదు" అన్నాను.

"నువ్వేగా పొదుపు చేయొద్దన్నావ్."

"అప్పుడన్నాను. ఇప్పుడు చెబుతున్నాగా."

"రెండు ముక్కల్లో అవదు అది" అంది. ల్యాప్‌టాప్‌ను గుడ్డతో తుడిచి అలమరలో పైన పెట్టేసింది. ఇంక రాయనంది.

19, సోమవారం

చెప్పలేదు. మేనేజరు సెలవు.

20, మంగళవారం

వదిన పనిచేసే కేంద్రంలో గోడకు జాబితా అంటించారట. పూర్తి కానివాళ్ళ పేర్లు. ఆ కేంద్రం మొత్తానికి వదిన ఒక్కతే. అక్కడి పెద్ద మేడం ఈమెను పిలిచి, వచ్చే నెల నుంచి వచ్చే కొత్తమ్మాయికి పిల్లల అలవాట్లు కాస్త చూపించమందట. ఏ పిల్లకు ఏ వైపు పడుకుంటే నిద్ర పడుతుందో, ఎవరికి పాలు చల్లగా ఉండాలో.

"చూపిస్తావా?" అన్నాను.

"చూపించకపోతే పిల్లలకి ఇబ్బంది కదా."

బట్టలు మడతపెడుతూ మామూలుగానే అంది: "నాకు బుర్ర లేదమ్మడూ. మీ అన్నయ్య సరదాకి అంటుంటే నవ్వేదాన్ని. నిజమే. అందరికీ వచ్చింది, నాకే రాలేదు."

అప్పుడే చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది. మడతపెట్టిన దుప్పటి ఒక కొస నాకిచ్చింది, పట్టుకున్నాను. రెండు కొసలూ కలిపి దగ్గరకు వచ్చి ఆమె చేతికిచ్చాను. ఆ పని అయ్యేసరికి చెప్పే వీలు దాటిపోయింది.

22, గురువారం

చేయకూడని పని చేశాను. ఎల్ఎంఎస్ రికార్డుల్లోకి వెళ్ళి వదిన పెట్టె తెరిచాను. చదవడానికి వీలుండే తీరులో కోడును తిప్పి చూశాను. నాలుగో జవాబులో చివరి ముక్క ఇదీ:

"ఏడవద్దు అని చెప్పను. కిటికీ దగ్గరకు ఎత్తుకెళ్తాను. వాళ్ళమ్మ కనిపించినంతసేపూ చూడనిస్తాను. చూడనివ్వకుండా తలుపేస్తే బిడ్డకు వెళ్ళిపోవడం అర్థం కాదు. నాకీ సంగతి ముందు తెలియదు. ఆయన్ని లోపలికి తీసుకెళ్ళినప్పుడు నన్ను బయటే ఆపి తలు"

అంతే. ఆ తర్వాత ఏమీ లేదు.

ఆస్పత్రిలో ఆ తలుపు దగ్గర నేను లేను. ఫారాలు నింపడానికి కింద కౌంటరు దగ్గర ఉన్నాను. పైకి వచ్చేసరికి అంతా అయిపోయింది. అక్కడ ఏం జరిగిందో వదిన నాకు ఎప్పుడూ చెప్పలేదు, నేను ఎప్పుడూ అడగలేదు. ఈ మూడు నెలల్లో ఆమె ఆయన గురించి మాట్లాడింది ఆ గడిలోనే. మూడుసార్లు మాట్లాడింది. మూడుసార్లూ నా పెట్టె పారేసింది.

ఒకటికి పదిసార్లు చదివాను. తర్వాత లేచి, అందరి టీ కప్పులూ తీసుకెళ్ళి కడిగాను. నా పని కాదది. ఫోనమ్మ వచ్చి నా చేతిలోంచి కప్పు తీసుకుంది. అప్పటికి అదే కప్పును చాలాసేపటి నుంచి తోముతున్నానట.

23, శుక్రవారం

ముందు స్టాండర్డుగారికి చెప్పాను. ఆయన లెక్క వేసుకున్నారు. నాలుగు వేల తొంభై ఆరు అనేసరికి కళ్ళు మూసుకున్నారు.

"స్టాండర్డులో ఉందండీ. స్పష్టంగా రాసే ఉంది. నేను కొన్ని వందలసార్లు చదివి ఉంటాను" అన్నారు. తర్వాత, "మన భాషలో లెక్క వేయాలని ఎప్పుడూ తట్టలేదు" అన్నారు. ఫారం చూపించాను. "ok" చూపించాను. ఆయన చూసి తిరిగి ఇచ్చేశారు. తిడితే బాగుండేది.

కొత్త వెర్షనులో పెట్టె అరవై నాలుగు వేలట. కోడుగా మార్చకుండా అక్షరాన్ని అక్షరంగానే పంపొచ్చట. రెండు రోజుల పని అన్నారు.

మధ్యాహ్నం ఇద్దరం మేనేజరు గదిలోకి వెళ్ళాం.

"అయితే బ్రౌజరు సమస్య అని రాద్దాం. చివరి తేదీ పొడిగించమందాం. వాళ్ళకి ఇవన్నీ ఎలాగూ అర్థం కావు" అన్నాడు.

"అర్థం కావడానికేగా నాతో పదకోశం రాయిస్తున్నారు" అన్నాను.

"అది వేరు, ఇది వేరండీ."

"జాబితా గోడకు అంటించేశారు. బ్రౌజరు అంటే మళ్ళీ వాళ్ళే ఏదో తప్పు నొక్కారనుకుంటారు."

"మీ సంతకం ఉందండీ ఫారం మీద. అది గుర్తుంచుకుని మాట్లాడండి."

"గుర్తుంది కాబట్టే వచ్చాను."

బయటికి వచ్చి కేంద్రాల ఆఫీసుకు నేనే మెయిలు రాశాను. పదకోశంలో రాసినట్టే రాశాను. పెట్టె ఏమిటో, ఎంత పడుతుందో, మన అక్షరానికి ఎన్ని చోట్లు పడుతుందో, ఎవరు పరీక్షించారో, ఏం కొట్టి పరీక్షించారో. నూట నలభై ఒక్కరిలో ఎవరి తప్పూ లేదని చివర రాశాను. ఆ వాక్యాన్ని పంపేముందు మొదటికి తీసుకొచ్చాను.

పంపాక టిఫిను డబ్బా తీసుకుని బస్సుకు బయలుదేరాను.

26, సోమవారం

కేంద్రాల ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. జాబితా తీసేస్తారట. ఆ నూట నలభై ఒక్కరికీ వచ్చే నెల పది దాకా గడువిచ్చారు. కొత్తవాళ్ళను పెట్టడం ఆపారు.

మేనేజరు పిలిచి, పదకోశం పూర్తి చేసి ఇచ్చి ఆ తర్వాత వేరే ఉద్యోగం చూసుకోమన్నాడు. గొంతు పెంచలేదు. కొత్త పాఠాన్ని మాత్రం నేనే పరీక్షించి వెళ్ళాలని స్టాండర్డుగారు పట్టుబట్టారట. ఎందుకో చెప్పలేదట.

27, మంగళవారం

వదినకు చెప్పాను. ఆమె కేంద్రం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. జాబితా తీసేశారని అప్పటికే సంబరంగా ఉంది. పెద్ద మేడం నవ్వుతూ పలకరించిందట. ఆ సంబరం అలాగే ఉండనిచ్చి ఊరుకోవచ్చు. గడప దగ్గరే నిలబడి అంతా చెప్పేశాను. పెట్టె, తొమ్మిది చోట్లు, "ok", సంతకం.

పూర్తిగా విన్నది. తువ్వాలుతో ఒక్కో కాలూ తుడుచుకుంది.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"పద్నాలుగున."

వేళ్ళ మీద లెక్కపెట్టింది. "ఇవాళ ఇరవై ఏడు. పదమూడు రోజులు."

"అవును."

"నీ తప్పు సంగతి వదిలెయ్. అన్నయ్య పోయినప్పుడు ఎవరికి ఒళ్ళు తెలిసింది? నేను స్టవ్ వెలిగించి మర్చిపోయిన రోజులున్నాయి. కానీ నాకు బుర్ర లేదని నీ ఎదురుగా నిలబడి అన్నాను అమ్మడూ. దుప్పటి కొస పట్టుకుని విన్నావ్. విని ఊరుకున్నావ్."

ఆమె లోపలి గదిలోకి వెళ్ళింది. సిగ్గేసింది. మూడు నెలల తర్వాత నాకు స్పష్టంగా ఏదైనా అనిపించిందంటే అదే.

28, బుధవారం

మాట్లాడలేదు. టీ మాత్రం పెట్టి ఇచ్చింది.

29, గురువారం

మాట్లాడలేదు.

30, శుక్రవారం

"సబ్బు అయిపోయింది" అంది. తెచ్చాను.

3, సోమవారం

కొత్త పాఠం నా దగ్గరకు వచ్చింది. పదహారో వరుస: పొడుగు జవాబులు. ఎనిమిది గళ్ళూ ఖాళీగా ఉన్నాయి. నాలుగో ప్రశ్న దగ్గర మన భాషలో రాయడం మొదలుపెట్టాను. బిడ్డ ఏడిస్తే ఏం చేయాలో నాకు తెలియదు కాబట్టి, కింద కౌంటరు దగ్గర నిలబడ్డ సంగతి రాశాను. అక్కడ క్యూలో నా ముందున్నాయన చెప్పుల గురించి. ఫారంలో పేషెంటుకు ఏమవుతారు అన్నచోట చెల్లెలు అని రాసి, అక్షరం బాగా రాలేదని కొట్టేసి మళ్ళీ రాయడం గురించి. ఆ రెండోసారి రాసిన సమయంలో నేను పైన ఉండొచ్చు కదా అన్న సంగతి. ఎంత రాశానో తెలియదు. సేవ్ నొక్కి, బయటికి వచ్చి, మళ్ళీ తెరిచాను. చివరి చుక్కతో సహా అంతా ఉంది.

సరి అని రాసి సంతకం పెట్టాను. పరీక్ష కోసం రాసినవి తుడిచేయాలి. అది రూలు. తుడిచేశాను.

5, బుధవారం

"ఇప్పుడు ఎంత రాసినా ఉంటుంది వదినా. నేను చూశాను. ఈసారి నిజంగా చూశాను" అన్నాను.

"ఊఁ."

"తలుపు దగ్గర ఆగిపోయింది నువ్వు రాసింది. ఆ తర్వాతది కూడా ఇప్పుడు రాయొచ్చు."

చదివానని అప్పుడు ఆమెకు తెలిసింది. కోప్పడుతుందనుకున్నాను.

"మూడుసార్లు రాశాను. మూడుసార్లూ అదే రాశాను, ఒక్క మాట మార్చలేదు. ఇంక నావల్ల కాదు."

"నాకు చెప్పొచ్చుగా."

"నీకా?" అంది. వెటకారంగా ఏమీ అనలేదు. నిజంగానే ఆలోచించింది. "ఇప్పుడు కాదులే" అంది.

9, ఆదివారం

వదిన అలమరలోంచి ల్యాప్‌టాప్ తీసింది. నేను కూరగాయలు తరుగుతున్నాను. సగం కూడా తరగలేదు, లేచి వచ్చేసింది. ఎనిమిదీ అయిపోయాయట. ఈసారి అరచేయి అడ్డం పెట్టలేదు. తెర నా వైపు తిప్పి పెట్టి, ఉల్లిపాయలు తను తీసుకుంది.

చూశాను. ఎనిమిది జవాబులూ కలిపి పాత పెట్టెలో కూడా పట్టేవి. నాలుగో ప్రశ్న: తల్లిదండ్రులు వదిలి వెళ్ళేటప్పుడు బిడ్డ ఏడిస్తే మీరేం చేస్తారు?

"ఏడవద్దని చెబుతాను."

కింద ఆకుపచ్చగా పూర్తయిందని వచ్చింది.

"పాసయ్యానా?" అంది, తల ఎత్తకుండా.

"అయ్యావు వదినా."

"ఉద్యోగం ఉన్నట్టేగా?"

"ఉన్నట్టే."

"మరింకేం" అని ఉల్లిపాయలు తరుగుతూ ఉంది. నాకు ఏడుపొచ్చింది. ఆమె నాకు ఏడవద్దని చెప్పలేదు.